బిడ్డల ఇంటర్న్‌షిప్ దరఖాస్తు: తల్లులుగా మనం చేయాల్సిన పని

(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ మహాసభలో మనం పొదుపు ఎంత, అప్పు ఎంత, బకాయి ఎంత అని మాట్లాడుకుంటాం. ఈసారి మమ్మల్ని వేరే విషయం చెప్పమన్నారు. మేము పదో తరగతితో ఆగినవాళ్లం. మాలో కొందరు వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చినవాళ్లు. వీళ్లు డిగ్రీ పిల్లల ఇంటర్న్‌షిప్ గురించి ఏం చెబుతారు అని మీకు అనిపించొచ్చు. నిజమే. కానీ ఈ విషయంలో మేము ఒక తప్పు చేసినాం. అది మీరు చేయకూడదని మీ ముందుకు వచ్చినాం.

మొదట ఇంటర్న్‌షిప్ అంటే ఏమో చూద్దాం. చదువుకునే పిల్లలు కొన్నాళ్లు నిజమైన పనిచోటుకు పోయి పని చూసి, చేసి, నేర్చుకోవడం. ఇది ఇష్టముంటే చేసేది, లేకుంటే మానేసేది కాదు. మన రాష్ట్రంలో 2020-21 లో డిగ్రీలో చేరిన పిల్లల నుంచి ఉన్నత విద్యామండలి దీన్ని చదువులో భాగం చేసింది. మొత్తం పది నెలలు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సమాజ సేవ ప్రాజెక్టు. రెండో ఏడాది తర్వాత రెండు నెలలు ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత ఒక సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్. ఎండాకాలంలో ఆడపిల్లలు కాగితాలు పట్టుకొని మన ఇళ్లకొచ్చి, ఇంట్లో ఎంతమంది, నీళ్లు ఎక్కడివి, అప్పు ఎంత అని అడిగి రాసుకుని పోయినారు కదా. అదే ఆ మొదటి రెండు నెలల పని.

బీకాం చదివే పిల్లలకు రెండో ఏడాది తర్వాత బ్యాంకు, సహకార సంఘం, ఆడిటరు ఆఫీసు, బీమా ఆఫీసు లాంటి చోట్లు కావాలి. ఇక్కడే మాకు చిక్కు వచ్చింది.

మా సంఘంలో ఒక సభ్యురాలి బిడ్డ బీకాం రెండో ఏడాది అయిపోయింది. కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేయమన్నారు. ఎవరిని అడగాలో ఆ పిల్లకు తెలియదు, మాకు తెలియదు. బయట ఒకాయన, "ఎక్కడికీ పోయే పని లేదు, 2,500 ఇస్తే రెండు నెలలు పని చేసినట్టు సర్టిఫికెట్, ప్రాజెక్టు పుస్తకం రెండూ ఇస్తాం" అన్నాడు. తల్లి సంఘంలో అడిగింది. మేము అంతర్గత అప్పు కింద డబ్బులిచ్చినాం. తీర్మానాల పుస్తకంలో "చదువు ఖర్చు" అని రాసుకున్నాం. ఎండలో బిడ్డ తిరిగే బాధ తప్పిందని సంతోషపడినాం కూడా.

డిగ్రీ పాసైనాక ఆ పిల్ల ఒక ఫైనాన్స్ ఆఫీసులో ఉద్యోగానికి పోయింది. అక్కడివాళ్లు ఆ సర్టిఫికెట్ చూసి ఒకే ప్రశ్న అడిగినారంట. "నువ్వు పని చేసిన చోట సాయంత్రం పూట క్యాష్ ఎట్లా కలిపేవాళ్లు? ఒకరోజు నూరు రూపాయలు తక్కువొస్తే ఏం చేసేవాళ్లు?" పిల్ల నోట మాట రాలేదు. ఇంకో ప్రశ్న అడగకుండా సర్టిఫికెట్ చేతికిచ్చి పంపించినారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. తల్లి సమావేశానికొచ్చి మమ్మల్ని ఏమీ అనలేదు. కంతు మాత్రం కట్టి పోయింది. ఆ రోజు మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అక్కలారా, ఆ ప్రశ్నకు జవాబు మనలో ఎవరికి తెలియదు? సమావేశం అయ్యే ముందర పొదుపు వసూలు, అప్పు వసూలు, వడ్డీ అన్నీ కూడుతాం. పాత నిల్వ కలుపుతాం. ఇచ్చిన అప్పు తీసేస్తాం. చేతిలో ఉన్న డబ్బు లెక్కపెడతాం. పుస్తకానికీ చేతికీ తేడా వస్తే ఎవరమూ లేవము. మళ్లీ మొదటి పేరు నుంచి చూస్తాం. దొరికేదాకా చూస్తాం. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి ఆ చాప పక్కనే ఆడుకుంది. ఆ పని బ్యాంకు పనే అని మేము చెప్పలేదు. మాకే తెలియదు.

అందుకని మేము మొదట చెప్పేది ఇది. మన పిల్లలు ఖాళీ చేతులతో దరఖాస్తు పెట్టడం లేదు. 1992 లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. అప్పటి నుంచి సంఘం నడిపే ప్రతి ఆడమనిషీ బ్యాంకు లెక్క కొంత నేర్చుకుంటూనే ఉంది. పంచసూత్రాలు మనకు కంఠతా వచ్చు. సక్రమంగా సమావేశం, సక్రమంగా పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో తిరిగి చెల్లింపు, సరైన పుస్తక నిర్వహణ. బ్యాంకు వాళ్లు డిపాజిట్, లోన్, రికవరీ, అకౌంట్స్ అనేవి ఇవే. మన సంఘంలో ఒక కంతు తప్పితే ఇంటికి పోయి అడుగుతాం. బ్యాంకులో కంతు గడువు దాటి 90 రోజులు మించితే ఆ అప్పును ఎన్‌పీఏ అంటారు, అంటే నిరర్థక ఆస్తి. పిల్ల ఆ మాట పుస్తకంలో చదువుతుంది. అది జరగకుండా ఏం చేయాలో తల్లికి తెలుసు. ఇద్దరూ కూర్చొని మాట్లాడుకుంటే చాలు.

ఆ మరుసటి ఏడాది ఇంకో సభ్యురాలి బిడ్డ విషయంలో మేము జాగ్రత్త పడినాం. కాలేజీలో అడిగి లెటరు తీసుకున్నాం. పిల్లతో దరఖాస్తు రాయించినాం. మొదట పోయిన చోట మేనేజరు తీరిక లేదన్నారు. రెండో చోట పై ఆఫీసు నుంచి అనుమతి కావాలన్నారు. మూడో చోట ఒప్పుకున్నారు. ఏమి రాస్తే ఒప్పుకున్నారో చెబుతాం, రాసుకోండి.

దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు. పైన బ్రాంచి మేనేజరు గారికి అని, బ్యాంకు పేరు సరిగా రాయాలి. మన వైపు ఇంకా ఆంధ్రా బ్యాంకు అనే అంటాం. 1923 లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1 న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరా బ్యాంకులో కలిసింది. ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాత పేరు రాస్తే, బయట బోర్డు కూడా చూడకుండా వచ్చిందని అనుకుంటారు.

తర్వాత నాలుగు సంగతులు రాయాలి. ఏమి చదువుతున్నాను, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలను, ఏ పని నేర్చుకోవాలనుకుంటున్నాను, నాకు ఇప్పటికే ఏమి వచ్చు. ఈ నాలుగోది చాలామంది పిల్లలు వదిలేస్తారు. లేదంటే "కష్టపడి పనిచేస్తాను, నిజాయితీ గలదాన్ని" అని రాస్తారు. అది అందరూ రాసేదే. మా పిల్ల ఇట్లా రాసింది: "మా అమ్మ ఉన్న పొదుపు సంఘం పుస్తకాలు ఏడాదిగా నేను రాస్తున్నాను. పది మంది సభ్యుల పొదుపు, అంతర్గత అప్పు, బ్యాంకు కంతు లెక్కలు నాకు తెలుసు. ప్రతి నెలా పాసుపుస్తకంతో మా పుస్తకం సరిచూస్తాను." మేనేజరు గారు ఆ రెండు మూడు వాక్యాలు చదివి, పాసుపుస్తకంతో ఎట్లా సరిచూస్తావో చెప్పమన్నారు. చెప్పింది. మరుసటి సోమవారం నుంచి రమ్మన్నారు. అబద్ధం ఒక్కటీ రాయకూడదు. పుస్తకాలు రాయకుండా రాసినట్టు పెడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. అందుకని దరఖాస్తుకు ఏడాది ముందే బిడ్డ చేతికి పుస్తకం ఇవ్వండి.

దరఖాస్తుకు కాలేజీ లెటరు, ఆధార్, పది, ఇంటర్ మార్కుల జాబితాలు, డిగ్రీలో అప్పటివరకు వచ్చిన మార్కులు జతపరచాలి. పది మెమోలో, ఆధార్‌లో పేరు ఒకే తీరుగా ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే ఆన్‌లైన్‌లో చిక్కులొస్తాయి. ఫోన్ నంబరు పిల్లదే ఇవ్వాలి. మేము ఒకసారి అన్న నంబరు ఇచ్చినాం. ఆయన రీచార్జి చేయించలేదు, ఓటీపీ రాలేదు, గడువు దాటిపోయింది.

ఇక ఏయే దారులున్నాయో చెబుతాం. మూడు రకాలు కలిపి గందరగోళపడొద్దు.

మొదటిది చదువులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్. దీనికి కాలేజీ లెటరుతో దగ్గర్లో ఉన్న చోట అడగాలి. చాలాచోట్ల డబ్బులివ్వరు. పని నేర్పిస్తే అదే జీతం అనుకోవాలి.

రెండోది ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం. 2024 అక్టోబరులో మొదలైంది. పెద్ద కంపెనీలలో పన్నెండు నెలలు పని నేర్చుకోవడం. వీటిలో బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కూడా ఉన్నాయి. మొదలైనప్పుడు పెట్టిన నియమాలు ఇవి: వయసు 21 నుంచి 24 మధ్య ఉండాలి. రెగ్యులర్‌గా చదువుతూ ఉండకూడదు, ఫుల్‌టైం ఉద్యోగం ఉండకూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. నెలకు 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000 ఇస్తారు. డిగ్రీ వాళ్లే కాదు, పది పాసైనవాళ్లు, ఐటీఐ వాళ్లు కూడా పెట్టుకోవచ్చు. పోర్టల్‌లో దరఖాస్తుకు ఒక్క రూపాయి ఫీజు లేదు. డబ్బు ఆధార్‌తో లింకైన ఖాతాలో పడుతుంది కాబట్టి ఆ లింకు ఉందో లేదో బ్యాంకులో అడగండి. నియమాలు మారుతుంటాయి, దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్‌లో మళ్లీ చదవండి.

మూడోది బ్యాంకు అప్రెంటిస్. ఇది డిగ్రీ పాసైనాక. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏడాది పాటు బ్రాంచిలో శిక్షణ. స్టేట్ బ్యాంకు 2023 లో 6,160 మందిని తీసుకోవడానికి ప్రకటన ఇచ్చింది. వయసు 20 నుంచి 28, నెలకు 15,000. యూనియన్ బ్యాంకు, కెనరా బ్యాంకు లాంటివి కూడా ఇట్లాంటి ప్రకటనలు ఇస్తుంటాయి. దీనికి కొన్నిచోట్ల పరీక్ష ఉంటుంది, స్థానిక భాష రావాలి. స్టేట్ బ్యాంకు ప్రకటనలో, పదిలోనో ఇంటర్‌లోనో ఆ భాష చదివినట్టు మార్కుల జాబితా చూపిస్తే భాష పరీక్ష అక్కరలేదన్నారు. మన తెలుగు మీడియం పిల్లలు తక్కువవాళ్లం అనుకుంటారు కదా, ఇక్కడ ఆ తెలుగే పనికొస్తుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఏడాది అయిపోతే ఉద్యోగం ఇస్తామని బ్యాంకు మాట ఇవ్వదు. అది శిక్షణ మాత్రమే. ఉద్యోగం వచ్చిందని ఊరంతా చెప్పుకొని, తర్వాత పిల్లను బాధపెట్టొద్దు.

పీజీ చదివే పిల్లలుంటే నాబార్డు, రిజర్వు బ్యాంకు కూడా విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు పెడతాయి. వాళ్ల వెబ్‌సైట్లలో ప్రకటన చూసుకోమని చెప్పండి.

మోసాల గురించి. మన పిల్లలకు ఉద్యోగం మీద ఎంత ఆశ ఉందో మోసగాళ్లకు బాగా తెలుసు. "బ్యాంకు ఇంటర్న్‌షిప్ వచ్చింది, రిజిస్ట్రేషన్‌కు 999 పంపు, ల్యాప్‌టాప్‌కు డిపాజిట్ కట్టు" అని ఫోన్లో మెసేజీలొస్తాయి. బ్యాంకు అప్రెంటిస్ పరీక్షకు ఫీజు ఉంటే అది బ్యాంకు ప్రకటనలో చెప్పిన చోట దరఖాస్తుతో పాటే కడతాం, ఎవరి ఫోన్‌పేకూ పంపం. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపల తమ వెబ్‌సైట్ చిరునామా చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ప్రభుత్వానివైతే చివర డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. ఆ చివరి మాటలు చూడటం పిల్లలకు నేర్పండి. డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టకుండా వెంటనే 1930 కు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఇప్పుడు ఇంట్లో మాట. "పెళ్లి చేసి పంపే పిల్లకు ఇదంతా ఏంటికి?" మా ఇళ్లలోనూ అన్నారు. కర్నూలుకు రోజూ పోయి రావడం, సాయంత్రం చీకటి పడటం, బస్సు ఖర్చు. బస్సు ఖర్చు అనే మాట ఇప్పుడు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనం టికెట్టుకు డబ్బు కట్టక్కరలేదు, ఆధార్ చూపిస్తే చాలు. చీకటి భయం నిజమైన భయమే. దానికి మేము చేసింది ఏమంటే, మొదటి వారం రోజులు సంఘం సభ్యురాళ్లం వంతులవారీగా పిల్లతో పోయినాం. మేనేజరు గారిని కలిసి ఎన్ని గంటలకు పంపిస్తారో అడిగినాం. వాళ్లు చిరాకు పడలేదు. తల్లులు వచ్చి అడిగే పిల్ల అని కొంచెం మర్యాద కూడా ఇచ్చినారు. రెండో వారం నుంచి పిల్లే, "మీరు రావద్దు పిన్నీ, నేను పోతాను" అనింది.

ఆ రెండు నెలల్లో ఆ పిల్ల ఏం నేర్చుకుంది? క్యాష్ ముట్టుకోనివ్వలేదు, కంప్యూటర్‌లో ఎవరి పాస్‌వర్డూ ఇవ్వలేదు. అది సరైన పద్ధతి. ఎవరైనా తమ పాస్‌వర్డ్ చెప్పి పని చేయమంటే చేయొద్దని మీ పిల్లలకు ముందే చెప్పండి. ఖాతా ఫారాలు నింపించడం, కాగితాలు సరిచూడటం, వోచర్లు వరుసలో పెట్టడం, వచ్చినవాళ్లకు ఏ కౌంటరో చెప్పడం, ఇవి చేసింది. రోజూ ఇంటికొచ్చి ఒక నోటు పుస్తకంలో ఆ రోజు చేసిన పని రాసుకుంది. ప్రాజెక్టు పుస్తకం ఎవరి దగ్గరా కొనలేదు. ఆ నోటు పుస్తకం నుంచే రాసింది.

ఇంకొకటి కూడా జరిగింది. మన సభ్యురాళ్లు పాసుపుస్తకం తెచ్చి, "436 ఎవరు తీసుకున్నారు, 20 ఎవరు తిన్నారు?" అని కౌంటర్లో గొడవపడేవాళ్లు. మేమూ పడినాం. ఆ పిల్ల సమావేశానికొచ్చి చెప్పింది. 436 జీవన జ్యోతి బీమా, 20 సురక్షా బీమా అని. మొదటిది ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, రెండోది ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. జూన్ 1 నుంచి మే 31 వరకు లెక్క. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకుంటే కట్ కాదు, బీమా ఆగిపోతుంది. మా పది మంది పాసుపుస్తకాలు తెచ్చి చూపించుకుంటే ముగ్గురివి కట్ కాలేదు. ఏడాదిగా బీమా ఉందనుకొని లేకుండా బతికినాం. ఒక పిల్ల రెండు నెలలు నిజంగా నేర్చుకుంటే పది ఇళ్లకు ఇంత లాభం జరిగింది. కొన్న సర్టిఫికెట్‌తో ఒక్క ఇంటికీ ఏమీ జరగలేదు. అప్పు మాత్రం మిగిలింది.

మొదటి పిల్ల సంగతి అడుగుతారు మీరు. ఆమె ఇప్పుడు మా గ్రామ సమాఖ్య పుస్తకాలు రాయడం నేర్చుకుంటోంది. అప్రెంటిస్ పరీక్షకు చదువుతోంది. ఆ పాత సర్టిఫికెట్ దరఖాస్తులో పెట్టనని ఆమే చెప్పింది. మేము అడగలేదు.

చివరిగా, మా సంఘం చేసుకున్న తీర్మానాలు ఈ మహాసభ ముందు పెడుతున్నాం. మీకు సరే అనిపిస్తే మీ సంఘాల్లోనూ చేయండి.

ఒకటి, సర్టిఫికెట్ కొనడానికి సంఘం డబ్బు ఒక్క రూపాయి ఇవ్వం. పిల్ల నిజంగా పని నేర్చుకునే చోటుకు పోవడానికైతే దుస్తులకు, భోజనానికి, ఆన్‌లైన్ ఖర్చుకు అంతర్గత అప్పు ముందు వరుసలో ఇస్తాం.

రెండు, డిగ్రీ చదివే ప్రతి సభ్యురాలి బిడ్డా ఏడాదిలో కనీసం ఆరు సమావేశాలకు వచ్చి పుస్తకాలు రాయాలి. తప్పు పోతే మేము చూపిస్తాం.

మూడు, బ్యాంకులో చోటు దొరకని పిల్లలకు గ్రామ సమాఖ్య, మండల సమాఖ్యల లెక్కల దగ్గర నేర్చుకునే అవకాశం ఇమ్మని సమాఖ్యను కోరుతున్నాం. కాలేజీ ముందే ఒప్పుకోవాలి. వచ్చిన రోజులకే సంతకం పెట్టాలి. నలభై రోజులొస్తే నలభై అనే రాయాలి, అరవై అని రాయకూడదు. మన సంతకం కూడా అమ్ముడుపోతే ఆ బయట ఆయనకూ మనకూ తేడా ఉండదు.

నాలుగు, ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన పిల్ల వచ్చే ఏడాది పిల్లలిద్దరికి దరఖాస్తు రాయడం నేర్పాలి.

మనం మొదటిసారి బ్యాంకుకు పోయిన రోజు గుర్తు చేసుకోండి. బయట చెట్టు కింద కూర్చొని, ఎవరు ముందు లోపలికి పోవాలని ఒకరినొకరు తోసుకున్నాం. మన పిల్లలు ఇప్పుడు అదే గడప దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడండి, కానీ వాళ్ల బదులు మీరు మాట్లాడొద్దు. వాళ్ల మాట వాళ్లనే చెప్పనీయండి.

బయట బల్ల దగ్గర మా పిల్ల రాసిన దరఖాస్తు నకలు పెట్టినాం. చూసి రాసుకొని పోండి. అందులో మీ బిడ్డ పేరు మాత్రం మార్చి పెట్టొద్దు, మీ బిడ్డకు ఏమి వచ్చో అది రాయించండి.